22 నెలల పాప, 8.9 కేజీల దగ్గరే ఆగిపోయింది – కంగారుపడాలా, వద్దా?

చిన్నదాని అమ్మ:

అందరికీ నమస్తే. మా పాపకు 22 నెలలు. మొన్న జలుబు చేసిందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే తూకం వేశారు, 8.9 కేజీలు వచ్చింది. 18 నెలలప్పుడు 8.6 ఉంది, అంటే నాలుగు నెలల్లో పెరిగింది 300 గ్రాములే. మధ్యలో విరేచనాలు పట్టుకున్నాయి, జ్వరం కూడా వచ్చిపోయింది, కాదనను, కానీ అవన్నీ తగ్గి చాలా రోజులైంది. డాక్టర్ గారు "చలాకీగానే ఉంది కదా, బాగా తినిపించండి, అదే పెరుగుతుంది" అన్నారు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, నాకూ గట్టిగా అడగడానికి నోరు రాలేదు.

బాగా తినిపించండి అంటారు కానీ ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. గిన్నె పట్టుకుని దాని వెనక ఇల్లంతా తిరగడమే సరిపోతోంది నాకు. రెండు ముద్దలు తింటుంది, మూడోది బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది, మింగదు, ఊయదు. వేలు పెట్టి చూస్తే పావుగంట కిందట పెట్టిన ముద్ద అలాగే ఉంటుంది. ఫోన్ చూపిస్తే ఇంకో నాలుగు దిగుతాయి, ఫోన్ తీసేస్తే ఏడుపు, ఆ ఏడుపులో తిన్నదంతా కక్కేస్తుంది. పాలంటే మాత్రం ప్రాణం. సీసా చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. తిండి ఎలాగూ ఎక్కట్లేదు, కనీసం పాలైనా కడుపులోకి వెళ్తాయని అడిగినప్పుడల్లా ఇస్తున్నాం.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఏడాది దాటగానే నడిచింది, ఇప్పుడు రెండేసి మూడేసి మాటలు కలిపి మాట్లాడుతుంది, అల్లరికి లోటు లేదు. రాత్రి నిద్ర అంతంతమాత్రమే, లేచి పాలు అడుగుతుంది. మొహం కాస్త పాలిపోయినట్టుందని మా అమ్మ అంటుంది, నాకైతే దాని రంగే అంత అనిపిస్తుంది.

ఇక చూసినవాళ్లందరికీ ఒకటే ప్రశ్న, "ఏమ్మా, పిల్లకు తిండి పెట్టట్లేదా?" అని. నవ్వుతూ అంటారు, మనమూ నవ్వి ఊరుకోవాలి. మా అత్తగారేమో "వీడూ చిన్నప్పుడు ఇంతే, మన వంశంలో అందరూ బక్కవాళ్లే" అంటారు. నిజమే, మేమిద్దరం పెద్ద పొడగరులమేం కాదు, నేను 152 సెం.మీ., మా ఆయన 165. కానీ వంశం అని వదిలేసి రేపు ఏదైనా బయటపడితే? అలాగని ప్రతిదానికీ పరీక్షలంటూ పిల్లను సూదులతో పొడిపించాలనీ లేదు. ఇది మామూలా, ఏమైనా చూపించుకోవాల్సిందా, ఆ తేడా ఎలా తెలుస్తుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. బరువు పెరగడానికి డబ్బాల్లో వచ్చే పౌడర్లు వాడొచ్చా?

లేట్ నైట్ మమ్మీ:

అయ్యో, అచ్చం మావాడి కథే. రెండేళ్లు వచ్చేదాకా నేనూ ఇలాగే ఏడ్చాను. ఇప్పుడు ఏడేళ్లు, ఇప్పటికీ పుల్లలాగే ఉంటాడు, పరుగు పెడితే మాత్రం ఎవరికీ అందడు. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అని రాసిపెట్టారా ఎక్కడైనా? టెన్షన్ వదిలేయండి. ఆకలి పెరగడానికి ఒక సిరప్ ఉంది, మావాడు అది వేస్తే బాగా తినేవాడు, పేరు కావాలంటే మెసేజ్ చేయండి పంపిస్తాను.

వార్డు నర్సు:

సిరప్ పేర్లు ఇలా చేతులు మారడం మంచిది కాదండీ. ఆకలి పెంచే మందులంటూ ఇచ్చేవాటిలో ఎక్కువగా ఉండేది సైప్రోహెప్టడిన్. అసలు అది అలర్జీ మందు, మగత తెస్తుంది, రెండేళ్లలోపు పిల్లలకు వాడేది కాదు. పెద్ద పిల్లల్లో కొందరికి డాక్టర్ చూసి రాస్తారు, అది వేరే సంగతి. ఆకలి ఎందుకు చచ్చిందో చూడకుండా ఆకలి మందు పోస్తే, మందు ఆపిన రోజు మళ్లీ మొదటికే వస్తుంది.

చిన్నదాని అమ్మ గారూ, నేను పిల్లల వార్డులో పనిచేస్తాను, డాక్టర్‌ని కాను, కాబట్టి నేను చెప్పేది మీరు డాక్టర్‌ని ఏం అడగాలో తెలుసుకోవడానికే పనికొస్తుంది. మీరిచ్చిన 8.9 ఒక్కటే చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. పిల్లల బరువు విషయంలో ఇవాళ ఎంత ఉందన్నది సగం కథే, ఏ దారిలో అక్కడికి వచ్చిందన్నది మిగతా సగం.

డాక్టర్లు వాడే గ్రాఫ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసింది. అమెరికా, నార్వే, బ్రెజిల్, ఘనా, ఒమన్, ఇండియా, ఈ ఆరు దేశాల్లో 1997 నుంచి 2003 దాకా, తల్లిపాలు తాగి మంచి వాతావరణంలో పెరిగిన పిల్లలను కొలిచి తయారుచేశారు. ఆ గ్రాఫ్ ప్రకారం 22 నెలల ఆడపిల్లల్లో సరిగ్గా మధ్యలో ఉండే పాప బరువు 11 కేజీల పైచిలుకు. కింద 3వ పర్సంటైల్ గీత దాదాపు మీ పాప ఉన్నచోటే ఉంటుంది. 3వ పర్సంటైల్ అంటే పరీక్షలో 3 మార్కులు వచ్చినట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్న 100 మంది పాపలను బరువు వరసలో నిలబెడితే ఇంకో ముగ్గురు ఆ గీత మీదున్న పాప కంటే తక్కువ తూగుతారు, అంతే. ఆ ముగ్గురికీ ఏ జబ్బూ ఉండకపోవచ్చు. అదే 75వ గీత మీద ఉన్న పిల్ల ఆరు నెలల్లో 15వ గీతకు జారితే, అంకె చూడటానికి బాగానే ఉన్నా మేం ఆ పిల్ల గురించే ఎక్కువ ఆలోచిస్తాం. గ్రాఫ్ మీద రెండు పెద్ద గీతలు దాటి కిందికి వస్తే కారణం వెతకాలి అన్నది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. మొదటి రెండేళ్లలో కొందరు పిల్లలు తల్లిదండ్రుల ఒడ్డూపొడుగూ బట్టి తమ గీతను వెతుక్కుంటూ కాస్త పైకో కిందికో జరుగుతారు కూడా, అదొకటి గుర్తుంచుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, బరువు ఒక్కటే చూడకూడదు. తిండి చాలకపోతే ముందు బరువు ఆగుతుంది, అది చాలాకాలం సాగితే పొడవు ఆగుతుంది, తల చుట్టుకొలత అన్నిటికంటే చివర దెబ్బతింటుంది. అదే బరువు బాగానే ఉండి పొడవు ముందుగా ఆగిపోయిందంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ల వైపు చూస్తారు. తల్లిదండ్రుల పోలికే అయితే మూడూ మొదటినుంచీ కింది గీతల మీద సాఫీగా పక్కపక్కనే నడుస్తాయి. అందుకే పుట్టిన దగ్గర్నుంచి మీ దగ్గరున్న బరువులు, పొడవులు అన్నీ టీకాల పుస్తకంలోంచి తీసి ఇక్కడ పెట్టండి. నెలలు నిండకుండా పుట్టిందా? రోజుకు పాలు ఎన్ని తాగుతుంది, సీసాల లెక్క కాకుండా మిల్లీలీటర్లలో చెప్పండి. మలం ఎలా ఉంటుంది? మాటిమాటికీ దగ్గు, ఆయాసం, పాలు తాగుతుంటే చెమటలు పట్టడం ఏమైనా ఉందా?

చిన్నదాని అమ్మ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నెలలు నిండే పుట్టింది, 2.6 కేజీలు. 6 నెలలకు 6.2, 9 నెలలకు 6.9, ఏడాదికి 7.5, 15 నెలలకు 8.1, 18 నెలలకు 8.6, ఇప్పుడు 8.9. పొడవు ఏడాదికి 69.8 సెం.మీ., 18 నెలలకు 76, ఇప్పుడు 79.5. తల కొలత ఎప్పుడూ బాగానే ఉందన్నారు.

మలం మామూలుగానే ఉంటుంది, కాస్త గట్టిగా, రెండు మూడు రోజులకోసారి. ఆయాసం, చెమటలు అలాంటివేం లేవు. పాలు నిన్న మీరడిగాక కొలిచాను. పగలు మూడు సీసాలు, రాత్రి రెండు, కలిపితే 900 మి.లీ. పైనే తేలింది. ఇంత అని నేనే అనుకోలేదు.

ఇద్దరు పిల్లల తండ్రి:

నర్సు గారు మళ్లీ వచ్చేలోపు నాదొక చిన్న మాట. ఆ అంకెలన్నీ ఒకే తూకం యంత్రం మీదవేనా? చిన్న పిల్లల్లో 200 గ్రాముల తేడా అంటే దాదాపు ఒక నెల పెరుగుదల. తడిసిన డైపర్ ఒక్కటే అంత తూగుతుంది. స్వెటర్, బూట్లు, కడుపు నిండా పాలు, అన్నీ కలిస్తే అరకేజీ అటూఇటూ అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మేం ఇంట్లో ఎత్తుకుని మిషన్ ఎక్కి, తర్వాత మనం ఒక్కళ్లమే ఎక్కి తీసివేసే పద్ధతి చేసేవాళ్లం, ఆ లెక్కతో మావాడు వారంలో 400 గ్రాములు తగ్గి తర్వాతి వారం 600 పెరిగేవాడు, మాకు మాత్రం బీపీ పెరిగేది. నెలకోసారి, అదే మిషన్ మీద, పొద్దున్నే, బట్టలు తీసేసి. అంతకంటే ఎక్కువ తూచొద్దు. పొడవు కూడా కాళ్లు చాపి ఇద్దరు పట్టుకుని పలక మీద కొలిస్తేనే నమ్మాలి, మంచం మీద టేపు పెట్టి కొలిచింది లెక్కలోకి రాదు.

వార్డు నర్సు:

పైన తండ్రిగారు చెప్పింది అక్షరాలా నిజం, ముందు అదే మిషన్ మీద ఇంకోసారి తూయించండి. అది సరైన తూకమే అనుకుని చూద్దాం.

18 నెలల దాకా మీ పాప 3వ గీతకు, 15వ గీతకు మధ్యలో, కింది గీతకు కొంచెం పైన బుద్ధిగా నడిచింది. పొడవు కూడా అంతే, 5వ పర్సంటైల్ దగ్గర మొదలై ఇవాళ్టికీ అక్కడే ఉంది. మీ ఇద్దరి ఎత్తులను బట్టి పాప పెద్దయ్యాక ఎంత ఎత్తు ఉంటుందో అంచనా వేసే లెక్క ఒకటి ఉంది: ఆడపిల్లకైతే తండ్రి ఎత్తులోంచి 13 తీసేసి తల్లి ఎత్తుతో కలిపి సగం చేస్తారు, మగపిల్లాడికైతే తల్లి ఎత్తుకు 13 కలుపుతారు. మీకు 152 వస్తుంది, దానికి ఎనిమిదిన్నర సెం.మీ. అటూఇటూ ఉండొచ్చు. పెద్దయ్యాక 152 అన్నది కూడా గ్రాఫ్‌లో 5వ పర్సంటైల్ చుట్టుపక్కలే. కాబట్టి పొడవు విషయంలో మీ అత్తగారి మాట కరెక్టే. బరువు మాత్రం ఈ నాలుగు నెలల్లో తన దారి వదిలి కింది గీత మీదికి జారింది. ఈ వయసులో నెలకు 200 గ్రాముల చుట్టూ పెరగాలి, అంటే 800 రావాల్సినచోట 300 వచ్చింది. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి కాదు, అలాగని "ఏం ఫరవాలేదు" అని వదిలేసేదీ కాదు. ఈసారి వెళ్లినప్పుడు భుజానికి, మోచేతికి మధ్య చేతి చుట్టుకొలత తీయమనండి. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు ఉన్న పిల్లల్లో అది 12.5 సెం.మీ. కంటే తగ్గితే పోషణ లోపం, 11.5 కంటే తగ్గితే తీవ్రమైన లోపం. మీ పాప పొడవుకు 8.9 కేజీలు ఆ ప్రమాదంలో ఉన్నట్టు అనిపించదు, కానీ కొలిస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

ఇక నా కళ్లు ఆగింది ఆ 900 మి.లీ. దగ్గర. మామూలు పాలలో 100 మి.లీ.కి 60-65 కేలరీలు ఉంటాయి, 900 అంటే 550 పైనే. 9 కేజీల పిల్లకు రోజు మొత్తానికి కావాల్సింది 700-750. మిగిలింది ఎంత? ఆ రెండు ముద్దలంత. మీ పాప తిండి తినదని మీరు అనుకుంటున్నారు, నిజానికి కడుపు నిండి ఉన్న పిల్ల ముందు మీరు గిన్నె పెడుతున్నారు. పైగా పాలలో ఐరన్ దాదాపు ఉండదు, ఈ వయసుకు రోజుకు 7 మి.గ్రా. కావాలంటే లీటరు పాలలో ఒక మి.గ్రా. కూడా రాదు, వేరే తిండిలోంచి వచ్చే ఐరన్ ఒంటికి పట్టకుండా కూడా పాలు కొంత అడ్డుపడతాయి. ఐరన్ తగ్గితే ఆకలి చస్తుంది, ఆకలి చస్తే ఇంకా పాలే తాగుతుంది. మొహం పాలిపోవడం, సరిగ్గా నిద్రపట్టకపోవడం, మలం గట్టిపడటం, ఇవన్నీ ఆ కథలో సరిపోతాయి. మీ అమ్మగారు అన్నది కొట్టిపారేయకండి. కింది కనురెప్ప కొంచెం లాగి లోపలి రంగు చూడండి, గోళ్లు, అరచేతులు మీ చేతుల పక్కన పెట్టి చూడండి. అలా చూసి తేల్చేయొద్దు, డాక్టర్‌ని అడిగి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. జలుబు, జ్వరం పూర్తిగా తగ్గాకే చేయించండి, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు లోపం కనిపించకుండా దాక్కుంటుంది. ఒకసారి సూది గుచ్చుతారు కాబట్టి థైరాయిడ్ కూడా అందులోనే చూస్తారా అని అడగండి, మూత్ర పరీక్ష సరేసరి. చిన్న ఆడపిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి బరువు పెరగకపోవడం తప్ప ఇంకే లక్షణమూ చూపించదు.

డబ్బా పౌడర్లు అడిగారు. చాలావాటిలో చక్కెర, పాలపొడే ఎక్కువ, పైగా కలిపేది మళ్లీ పాలలోనే. మీ పాపకు కావాల్సింది ఇంకో గ్లాసు పాలు కాదు. పోషణ బాగా తగ్గిన పిల్లలకు డాక్టర్ రాసే ప్రత్యేకమైన ఫార్ములాలు వేరు, వాటితో దీన్ని కలపకండి.

గోధుమ మానేసిన ఇల్లు:

నర్సు గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు, కానీ ఈ "వంశం" అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మా బాబు ఏడాది దాకా మధ్య గీత మీద హాయిగా ఉన్నాడు. తర్వాత మెల్లగా జారడం మొదలుపెట్టాడు. చేతులు, కాళ్లు, పిరుదులు సన్నబడిపోయాయి, పొట్ట మాత్రం ముందుకు. మలం ఎక్కువగా, భరించలేని వాసనతో, నీళ్లు పోస్తే తేలేది. రోజంతా చిరచిరలాడుతూ ఉండేవాడు, ఆడుకునే పిల్లాడు ఒళ్లో కూర్చుని లేచేవాడు కాదు. ఇంట్లో అందరూ పోలిక అన్నారు, చూపించిన మొదటి డాక్టర్ కూడా నులిపురుగుల మందు రాసి పంపేశారు. ఇంకొకరు గ్రాఫ్ గీసి, ఇది ఏ నెలలో జారడం మొదలైందో చూసి, గోధుమ పెట్టడం ఎప్పుడు మొదలుపెట్టారు అని అడిగారు. రెండూ ఒకటే సమయం. సీలియాక్ అని తేలింది. గోధుమ, బార్లీ, రై, వీటిలో ఉండే గ్లూటెన్ పడక పేగు లోపలి పొర దెబ్బతింటుంది, తిన్నది ఒంటికి పట్టదు. అవి పూర్తిగా మానేశాక ముందు మనిషి నవ్వడం మొదలుపెట్టాడు, బరువు ఆ తర్వాత వచ్చింది.

మీ పాపకు ఇదే ఉందని అనట్లేదు, మలం గట్టిగా ఉంది అంటున్నారు కాబట్టి బహుశా కాదు, అయితే సీలియాక్‌లో మలబద్ధకం ఉండే పిల్లలూ ఉన్నారు. దీనికి టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు, దాంతోపాటు ఒంట్లో ఐజీఏ అనే యాంటీబాడీ మొత్తం ఎంతుందో కూడా చూడాలి, అది తక్కువున్న పిల్లల్లో మొదటి పరీక్ష తప్పుగా నార్మల్ వస్తుంది. ఒక్కటి మాత్రం దండం పెట్టి చెప్తున్నాను, ఎవరో చెప్పారని పరీక్షకు ముందే గోధుమ మానిపించకండి. మానిపిస్తే ఆ పరీక్షలో ఏమీ కనపడదు, తేల్చుకోవడానికి మళ్లీ తినిపించాల్సి వస్తుంది.

నెమ్మదిగా తిననీ:

అందరూ పరీక్షల గురించి చెప్పారు, నేను గిన్నె గురించి చెప్తాను. మా ఇంట్లో ఈ యుద్ధం ఏళ్ల తరబడి నడిచింది.

ముందు ఫోన్ తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు నరకంగా ఉంటుంది, తెలిసే చెప్తున్నాను. ఫోన్ చూస్తూ తినే పిల్ల తింటున్నట్టు తనకే తెలీదు, ఆకలీ తెలీదు, నిండిందీ తెలీదు. అందుకే బుగ్గన పెట్టుకుంటుంది. వెంటపడటం కూడా ఆపేయండి. ఒకచోట కూర్చోబెట్టి, మీరూ పక్కన కూర్చుని మీ భోజనం మీరు తినండి, దాని పళ్లెంలో కొంచెం పెట్టి చేత్తో కెలకనివ్వండి. అరగంటలోపు తిన్నంత తిన్నది, తర్వాత మాట్లాడకుండా తీసేయండి. ఎలెన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు చెప్పిన సూత్రం ఒకటి మాకు బాగా పనిచేసింది: ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఎవరి పని వాళ్లు చేయాలి. వినడానికి బాగుంటుంది, చేసేటప్పుడు చేతులు దురదపెడతాయి, ఇంకొక్క ముద్ద అని.

పాలు ఒక్కసారిగా మాన్పించొద్దు. ముందు రాత్రివి తగ్గించండి, రోజూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వెళ్లి నీళ్లతో ఆపండి. పగలు కప్పులో, అదీ తిండి తర్వాతే, మొత్తం 400-500 మి.లీ. దాటకుండా. సీసా మాయమైతే సగం గొడవ తగ్గుతుంది, పళ్లకు కూడా మంచిది. తిండికీ తిండికీ మధ్య రెండు మూడు గంటలు ఖాళీ ఉండాలి. మధ్యలో బిస్కెట్, జ్యూస్, ఏడుస్తుందని చేతిలో పెట్టేవన్నీ బంద్. ఆ గ్యాప్‌లో నీళ్లు మాత్రమే.

ఎంత తిన్నదన్నది పక్కనపెట్టి, తిన్న కాస్తలో ఎంత బలం ఉందో చూడండి. దాని పొట్ట ఎంతుంటుందని? రోజుకు మూడుసార్లు, మధ్యలో రెండుసార్లు చిన్నగా పెట్టండి. పలచటి జావలాంటివి కడుపు నింపుతాయి, బలం ఉండదు. తినే ప్రతిదానిలో ఒక చెంచా నూనో వెన్నో కలపండి, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది, పిండిపదార్థం 4 ఇస్తుంది. గుడ్డు, పప్పు, మీరు తినేవాళ్లయితే మెత్తగా ఉడికించిన మాంసం, ఇవి రోజూ ఏదో రూపంలో ఉండాలి. పప్పు, ఆకుకూరల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే పక్కన పుల్లటి పండు ఏదైనా ఉండాలి. గింజలు పెట్టేట్టయితే మెత్తగా పొడి చేసి కలపండి, ఈ వయసులో గింజ అలాగే పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. కొత్తది ఏదైనా మొదటిసారే ఉమ్మేస్తే "దీనికి పడదు" అని రాసేయకండి, పదీ పదిహేనుసార్లు కనపడితే గానీ కొందరు పిల్లలు నోట్లో పెట్టరు. జబ్బు చేసి లేచాక రెండు వారాలు రోజూ ఒక పూట ఎక్కువ పెట్టాలని అంటారు, అప్పుడు ఆకలి కూడా బాగా వేస్తుంది, ఆ అవకాశాన్ని పాలతో నింపేయకూడదు.

లేట్ నైట్ మమ్మీ:

సిరప్ విషయం నాకు తెలీదు, మా డాక్టరే రాశారు కదా అని చెప్పాను. సరే, వదిలేద్దాం. కానీ నా మాట కూడా కాస్త వినండి, సన్నగా ఉన్న ప్రతి పిల్లకూ ఏదో ఉందని తల్లిని భయపెడితే ఆ భయమంతా మళ్లీ ఆ గిన్నెలోకే వస్తుంది. పిల్లలకు మన మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

వార్డు నర్సు:

ఒప్పుకుంటానండీ, అందుకే ముందు గ్రాఫ్ చూద్దాం అన్నాను. ఎక్కువమంది సన్నటి పిల్లలకు ఏ జబ్బూ ఉండదు. ఆలస్యం చేయకుండా చూపించాల్సినవి ఇవి: ఉన్న బరువు తగ్గుతుంటే, రెండు మూడు నెలలైనా అసలు కదలకపోతే, మాటిమాటికీ వాంతులు, మలంలో రక్తం, ఊపిరితిత్తుల్లో నెమ్ము పదే పదే రావడం, తాగేటప్పుడు చెమట, ఆయాసం, అప్పటిదాకా చేసిన పని, అన్న మాట మర్చిపోవడం. ఇవేవీ లేకుండా తన గీత మీద తాను నడిచే పిల్ల బక్కగా ఉంటే ఉండనివ్వండి.

చిన్నదాని అమ్మ:

అందరికీ మళ్లీ నమస్తే, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు ఏమనుకోకండి. పాపకు ఇప్పుడు 25 నెలలు.

వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం, ఈసారి అంకెలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను, ఆయన గ్రాఫ్ మా ముందే గీశారు. చేతి కొలత 13.4 వచ్చింది. హిమోగ్లోబిన్ 10.1, ఫెరిటిన్ 7, రెండూ తక్కువే. థైరాయిడ్, మూత్రం, ఆ గోధుమ పరీక్ష నార్మల్. ఐరన్ చుక్కలు రాశారు, పాలతో కలిపి ఇవ్వొద్దని, హిమోగ్లోబిన్ నార్మల్‌కు వచ్చాక కూడా ఇంకొన్ని నెలలు ఆపొద్దని చెప్పారు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగేది నాకు. సీసా రాత్రిపూట మాన్పించడం మాత్రం అబ్బో, ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. మా అత్తగారే "ఇంకొక్క రోజు చూద్దాం, ఇంకొక్క రోజు" అంటూ ఎత్తుకుని తిప్పారు. ఇప్పుడు పాలు 400. ఫోన్ పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలి కదా, కానీ భోజనం దగ్గర లేదు. పోయిన వారం మా ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టి లాక్కుని తిన్నది, ఆయన తినడం ఆపేసి నావైపే చూస్తున్నారు.

బరువు 9.5. ఇప్పుడో సందేహం. పోయిన వారం ఇంట్లో పడుకోబెట్టి ఇద్దరం పట్టుకుని కొలిస్తే 82 సెం.మీ. వచ్చింది. నిన్న క్లినిక్‌లో నిలబెట్టి కొలిస్తే 81.3. వారంలో పొడవు తగ్గుతుందా ఎక్కడైనా? ఏది నమ్మాలి?

వార్డు నర్సు:

9.5 అంటే మూడు నెలల్లో 600 గ్రాములు, తన పాత దారికి ఇంచుమించు దగ్గరికి వచ్చేసింది. రెండు కొలతలూ నమ్మొచ్చు. రెండేళ్ల దాకా పడుకోబెట్టి కొలుస్తారు, తర్వాత నిలబెట్టి, నిలబడితే దాదాపు 0.7 సెం.మీ. తక్కువ వస్తుంది. గ్రాఫ్‌లో కూడా రెండేళ్ల దగ్గర గీతలు అంతమేర కిందికి దిగుతాయి చూడండి. ఇకనుంచి నిలబెట్టి కొలిచిందే రాసుకోండి, ఇంట్లో కొలిచింది ఆ వరసలో కలపకండి. ఐరన్ సీసా మాత్రం దానికి అందనంత ఎత్తులో పెట్టండి, తియ్యగా ఉందని పిల్లలు ఎత్తిపోసుకుంటే చాలా ప్రమాదం. మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడన్నారు?

చిన్నదాని అమ్మ:

వచ్చే నెల.